కారులో రంగుల వెలుగు – 3వ పాఠం: పూతా, ఎల్ఈడీనా?

గత పాఠంలో క్యాబిన్ లైటు మూత ఊడదీసి లోపలి బల్బు ఏ రకమో గుర్తుపట్టాం. రెండు కొసలా లోహపు టోపీలున్న గొట్టం బల్బయితే పొడవు కొలిచి రాసుకోమన్నాను. అది దగ్గర పెట్టుకోండి, అవసరం పడుతుంది.

రంగు అనగానే చాలామంది ఉన్న బల్బుకే గాజు మీద వేసే పారదర్శకపు రంగు పూస్తారు. ఎరుపు, కాషాయం బాగానే వస్తాయి. నీలం పూస్తే మాత్రం లైటు వెలుగుతోందా లేదా అని తొంగిచూడాలి. ఎందుకంటే పూత రంగును పుట్టించదు. ఉన్న వెలుగులోంచి మిగతా రంగుల్ని మింగేస్తుంది, అంతే. ఈ బల్బులో వెలిగేది ఫిలమెంటు, అంటే కాగి మెరిసే సన్నని తీగ. దాని వెలుగులో ఎరుపు, పసుపు పాళ్లే ఎక్కువ. నీలం బహు తక్కువ. ఇక వడగడితే మిగిలేదేముంది? పైగా ఆ బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. మామూలు పెయింటు మాడి కారంతా కంపు కొడుతుంది.

నీలం కావాలంటే నీలం ఎల్ఈడీయే పెట్టాలి. అది పుట్టించేదే నీలం. రెడీమేడ్ ఎల్ఈడీ బల్బయితే అదే పొడవుది తెచ్చి పెట్టేయండి. వెలగకపోతే చెడిపోయిందనుకోకండి, తిప్పి పెట్టండి. ఫిలమెంటుకు ప్లస్ మైనస్ పట్టింపు లేదు, ఎల్ఈడీకి ఉంటుంది.

సొంతంగా అతికించుకునేవాళ్లకు లెక్క ఇది. బ్యాటరీ 12 వోల్టులదే అయినా ఇంజను నడిచేటప్పుడు 14.4 దాకా వెళ్తుంది, కాబట్టి లెక్క 14.4కే వేయాలి. ఒక్కో నీలం ఎల్ఈడీకి 3.2 వోల్టులనుకుంటే, మూడు వరసగా కలిపితే 9.6. మిగిలిన 4.8 వోల్టుల్ని రెసిస్టరు, అంటే కరెంటును అదుపులో పెట్టే చిన్న భాగం, భరించాలి. కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్లు దాటకూడదు గనక 4.8ని 0.02తో భాగిస్తే 240 ఓములు. కాస్త పైనున్న 270 తీసుకోండి, పావు వాటుది చాలు. ఇంజను ఆపగానే వెలుగు కొంచెం తగ్గుతుంది. అది లోపం కాదు, వోల్టేజీ తగ్గింది.

టంకం పెట్టేముందు ఆ లైటు ఫ్యూజు తీసేయండి. అప్పటిదాకా వెలుగుతున్న బల్బును ఒట్టి చేత్తో పట్టుకోకండి.

ఈ పాఠాలన్నీ కారు లోపలికే. హెడ్‌లైట్లు, బ్రేకు లైట్లు, ఇండికేటర్ల రంగు జోలికి పోవద్దు. వాటి రంగుల్ని చట్టం నిర్ణయిస్తుంది, ఎదుటివాడి ప్రాణం వాటి మీదే ఉంటుంది. లోపల కూడా నీలాన్ని కాళ్ల దగ్గరే ఉంచమంటాను. చీకటికి అలవాటు పడ్డ కళ్లకు నీలం ఎక్కువగా కొడుతుంది, ఎరుపు అంతగా ఇబ్బంది పెట్టదు.

అభ్యాసం: ఎర్ర ఎల్ఈడీకి 2 వోల్టులు చాలు. మూడింటిని వరసగా కలిపితే ఎన్ని ఓముల రెసిస్టరు కావాలో లెక్కగట్టండి. జవాబు, వైరు దాచే పద్ధతి 4వ పాఠంలో.