గోల్కొండ పాఠం మ్యాప్‌తో మొదలుపెట్టండి

తేదీలంటే టెన్షన్ పడే హైస్కూల్ పిల్లలకు నేను ముందు అవుట్‌లైన్ మ్యాప్ ఇస్తాను. కృష్ణా నదిని నీలం పెన్సిల్‌తో గీయండి. గోల్కొండ, కొల్లూరు, మచిలీపట్నం గుర్తించండి. ఇప్పుడు ప్రశ్న వేసుకోండి: 1611లో ఇంగ్లిషువాళ్లు మచిలీపట్నంలోనే ఎందుకు దిగారు? కొల్లూరు వజ్రాలు దొరికేది కృష్ణ ఒడ్డునే. చుట్టుపక్కల ఊళ్లలో నేసి, అద్దకం వేసిన బట్టలు ఓడెక్కేది ఈ రేవులోనే. గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవూ ఇదే. డచ్చివాళ్లు అప్పటికే అక్కడున్నారు.

కారణం అర్థమయ్యాకే తేదీలు రాయండి. 1518లో కుతుబ్‌షాహీల పాలన మొదలైంది, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. నా లెక్కలో మొదట ఇవి చాలు, మిగతావి వీటి మధ్య సర్దుకుంటాయి.

తర్వాత పుస్తకం మూసి, మ్యాప్ చూస్తూ ఇంట్లో ఎవరికైనా పాఠం చెప్పండి. తడబడిన చోటు మాత్రమే మళ్లీ చదవండి.