కొత్త టచ్‌స్క్రీన్ స్టీరియో మొరాయిస్తే: లోపం సెట్టుదా, వైర్లదా?

కారులో పాత రేడియో తీసేసి, దాని చోట టచ్‌స్క్రీన్ సెట్టును సొంతంగా బిగించుకున్నాక ఏ తేడా వచ్చినా అనుమానం ముందు సెట్టు మీదికే పోతుంది. మొదటిసారి నేనూ అంతే. ప్రతి ఉదయం గడియారం మొదటికి వచ్చేది, దాచుకున్న స్టేషన్లన్నీ మాయమయ్యేవి. నాలుగు రోజులు సెట్టును తిట్టుకున్నాక తెలిసింది, పసుపు వైరునూ ఎరుపు వైరునూ తారుమారు చేసింది నేనేనని. మీటరు పెట్టి చూడనిదే సెట్టును నిందించకూడదన్న నియమం అప్పుడు పెట్టుకున్నాను. ఇప్పటివరకు నేను చూసిన లోపాల్లో ఎక్కువ భాగం సెట్టు వెనక జానెడు దూరంలోనే దొరికాయి.

దగ్గర ఉండాల్సింది ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు. బల్బుతో చేసిన టెస్టర్‌తో కొత్త కార్లలో వైర్లను గుచ్చవద్దు. ఆ బల్బు తీసుకునే కరెంటు సున్నితమైన కంప్యూటర్ వైర్లను చెడగొట్టవచ్చు. వైర్లు కోసేటప్పుడు, కలిపేటప్పుడు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి ఉంచండి, కొలిచేటప్పుడు మాత్రమే తిరిగి పెట్టండి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు రంగు తొడుగుతో, పసుపు కప్లర్లతో (వైర్లను కలిపే ప్లగ్గులతో) కనిపించే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి పోవద్దు.

రంగుల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. సెట్టుతో వచ్చే వైర్లకు దాదాపు అందరు తయారీదారులూ పాటించే ఆనవాయితీ ఒకటి ఉంది. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చే వైరు, నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు జతలు ముందు స్పీకర్లవి, ఆకుపచ్చ, ఊదా జతలు వెనకవి. వాటిలో నల్ల చార ఉన్నది నెగటివ్. ఈ ఆనవాయితీ సెట్టు వైపు వరకే పనికొస్తుంది. కారు వైపు వైర్ల రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. అక్కడ రంగును నమ్మితే మోసపోతారు.

సెట్టు అసలు వెలగడం లేదు

మీటరు నల్ల మొనను కారు ఇనుప భాగానికి ఆనించి, ఎర్ర మొనతో సెట్టు కప్లరు దగ్గర కొలవండి. తాళం తీసి ఉన్నప్పుడు పసుపు మీద బ్యాటరీ వోల్టేజీ రావాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ అయితే సుమారు 12.6 ఉంటుంది. ఎరుపు మీద సున్నా ఉండాలి, తాళం ఒక మెట్టు తిప్పగానే దాని మీదా 12 రావాలి. పసుపు మీద ఏమీ లేకపోతే ఫ్యూజు చూడండి. ఒకటి కారు ఫ్యూజు పెట్టెలో ఉంటుంది, రెండోది సెట్టు వెనక వీపు మీదో పసుపు వైరు మధ్యలోనో ఉంటుంది. ఈ రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు.

ఫ్యూజు మార్చగానే మళ్లీ పోయిందంటే 10 ఆంపియర్ల చోట 20 పెట్టడం పరిష్కారం కాదు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. సెట్టును లోపలికి నెట్టినప్పుడు వైరేదైనా ఇనుప అంచు కింద నలిగిందేమో చూడండి. నీలం వైరును ఎక్కడ తగిలించారో కూడా చూడండి. అది యాంటెనాకూ యాంప్లిఫయర్‌కూ సెట్టు పంపే కరెంటు, బయటి నుంచి తీసుకునేది కాదు.

పసుపు, ఎరుపు రెండూ బాగున్నా వెలగకపోతే ఎర్త్‌ను అనుమానించండి. ఇప్పుడు మీటరు నల్ల మొనను ఇనుముకు కాకుండా సెట్టు నల్ల వైరుకు ఆనించి పసుపు మీద మళ్లీ కొలవండి. ఇనుముతో 12 వచ్చి, నల్ల వైరుతో 8 వస్తే ఎర్త్ బలహీనంగా ఉన్నట్టే. రంగు పూత మీద స్క్రూ బిగించి ఎర్త్ ఇచ్చామనుకోవడం అందరూ చేసే పొరపాటు. పూత గీకి లోహం బయటపడ్డాక బిగించాలి.

ఇక్కడ మీటరు కూడా మోసం చేయగలదు. వైరులో ఒకే ఒక్క పోగు మిగిలి ఉన్నా, సెట్టు కరెంటు లాగనంతసేపూ మీటరు నిక్షేపంగా 12 చూపిస్తుంది. అందుకే కప్లరు సెట్టుకు పెట్టి, ఆన్ చేస్తూ, వెనక వైపు నుంచి మొన గుచ్చి కొలవాలి. వోల్టేజీ అప్పుడు కుప్పకూలితే అతుకు చెడ్డదని అర్థం.

తాళం తీయగానే అన్నీ మరిచిపోతుంది. లేదా పొద్దునకు బ్యాటరీ దిగిపోతుంది

చూడటానికి ఇవి రెండు వేర్వేరు జబ్బులు, కానీ మూలం ఒకటే. పసుపు, ఎరుపు వైర్లు ఉండాల్సిన చోట లేకపోవడం.

మరిచిపోవడం అంటే పసుపుకు తాళంతో వచ్చే కరెంటు అందుతోందని. ఐఎస్‌ఓ 10487 అనే ప్రామాణిక కప్లరులో 4వ పిన్ను ఎప్పుడూ కరెంటు ఉండేది, 7వది తాళంతో వచ్చేది. కొన్ని యూరప్ కార్లలో ఈ రెండూ తారుమారై ఉంటాయి. అందుకే చాలా కప్లర్ల వైర్లలో ఎరుపు, పసుపు మధ్య ఊడదీసి మార్చుకునే చిన్న జోడింపులు ఉంటాయి. ఇటుది అటు, అటుది ఇటు మార్చితే సరిపోతుంది. నా నాలుగు రోజుల తిట్లకు మందు ఆ అర నిమిషం పనే.

బ్యాటరీ దిగిపోతోందంటే ఎరుపుకు కూడా ఎప్పుడూ కరెంటు ఉందన్నమాట. సెట్టు నిద్రపోవడం లేదు. కొన్ని కొత్త కార్లలో రేడియో వెనక తాళంతో వచ్చే వైరే ఉండదు. తాళం తిప్పిన సమాచారం క్యాన్ బస్ అనే డేటా వైరు మీద వెళుతుంది. అలాంటి కారులో దారి దొరక్క ఎరుపును, పసుపును కలిపేసేవాళ్లు ఉన్నారు. ఆ సమాచారాన్ని చదివి సెట్టుకు అందించే, ఆ కారుకు తగిన క్యాన్ బస్ పెట్టె కొనాలి, లేదా ఫ్యూజు పెట్టెలో తాళంతో బతికే ఫ్యూజు నుంచి విడిగా మరో ఫ్యూజుతో వైరు లాగాలి.

ఎంత కరెంటు కారుతోందో కొలవడం కష్టం కాదు. మీటరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ దాని కేబుల్‌కూ మధ్య వరుసలో పెట్టండి. తలుపులు మూసి, కారు కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే బెంగ లేదు, అది రోజుకు 1.2 ఆంపియర్ అవర్లే. ఒక ఆంపియర్ కారుతుంటే రోజుకు 24, అంటే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఒక్క రోజులో ఖాళీ. మీటరు అలా ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు, మీటరు ఫ్యూజు పోతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేస్తే సెట్టు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది

స్టార్టర్ తిరిగేటప్పుడు ఎరుపు కరెంటును కారు కావాలనే కాసేపు ఆపుతుంది. తెర ఒక్క క్షణం ఆరి వెంటనే వస్తే అది సహజం. కంపెనీ గుర్తుతో సహా మొత్తం తిరిగి మొదలైతే మాత్రం పసుపు మీద వోల్టేజీ మరీ పడిపోతోందని. బ్యాటరీ ముసలిదైనా అయి ఉండాలి, పసుపు అతుకు సన్నదైనా అయి ఉండాలి.

పాట వినిపించదు, లేదా బాగా వినిపించదు

తెర బాగా పనిచేస్తూ ఏ స్పీకరూ పలకకపోతే, కారులో కంపెనీ యాంప్లిఫయర్ విడిగా ఉందేమో కనుక్కోండి. నీలం మీద తెల్ల చార ఉన్న వైరు నుంచి 12 వోల్టులు అందితేనే అది మేల్కొంటుంది.

యాంప్లిఫయర్ లేని కారులో ఇదే జరిగితే ఏదో ఒక స్పీకరు వైరు కారు బాడీకి తగులుతోందని అనుమానించాలి. నేటి సెట్లలో స్పీకరు రెండు వైర్లలోనూ బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగం ఉంటుంది. నెగటివ్ అని పేరే కాని అది ఎర్త్ కాదు. పాత కార్లలో మాదిరిగా స్పీకరు నెగటివ్‌ను బాడీకి కలిపితే సెట్టు తనను తాను కాపాడుకోవడానికి శబ్దం ఆపేస్తుంది. అదృష్టం లేకపోతే లోపలి చిప్ శాశ్వతంగా పోతుంది. నాలుగు జతలనూ ఊడదీసి ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే దొంగ దొరుకుతాడు.

పాట వినిపిస్తోంది కాని మద్దెల, బేస్ పేలవంగా ఉన్నాయంటే ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే మరొకటి వెనక్కు లాగుతోంది. ఆ వైర్లను సెట్టు నుంచి పూర్తిగా విడదీసి, 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ఒక్క క్షణం తాకించండి. సెల్లు ప్లస్ తగిలిన వైరు స్పీకరు ప్లస్ అయితే కాగితపు కోను బయటికి కదులుతుంది.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నని కూత అన్నింటికన్నా విసిగించే సమస్య. అది బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ గొంతు. సెట్టుకూ, విడి యాంప్లిఫయర్‌కో ఛార్జింగ్‌లో ఉన్న ఫోనుకో వేర్వేరు చోట్ల ఎర్త్ ఉన్నప్పుడు, ఆ రెండు చోట్ల మధ్య ఉండే అతి చిన్న వోల్టేజీ తేడా పాటలో కలిసి వినిపిస్తుంది. నేను వెతికే వరుస ఇదీ: ముందు ఫోను కేబుల్ తీసేస్తాను. కూత ఆగితే తప్పు ఛార్జరుది. ఆగకపోతే యాంప్లిఫయర్‌కు వెళ్లే ఆడియో కేబుళ్లు సెట్టు వెనక పీకేస్తాను. అప్పుడు ఆగితే సెట్టు ఎర్త్‌నూ యాంప్లిఫయర్ ఎర్త్‌నూ గట్టిగా చేసి, ఆడియో కేబుళ్లను కరెంటు వైర్లకు దూరంగా కారు రెండో పక్క నుంచి లాగుతాను. కూత వినపడగానే ఫిల్టరు కొనడానికి పరుగెత్తవద్దు. ఫిల్టరు కూతతో పాటు బేస్‌నూ కొంత మింగుతుంది.

ఎఫ్‌ఎం బలహీనంగా వస్తోంది

చాలా కార్ల యాంటెనా అడుగున చిన్న బూస్టరు ఉంటుంది. పాత రేడియో దానికి కరెంటు ఇచ్చేది. కొత్త సెట్టు నీలం వైరును దానికి కలపాలి. యాంటెనా కేబుల్ నుంచే కరెంటు వెళ్లే కారైతే, నీలం వైరు తోక ఉన్న యాంటెనా అడాప్టరు కావాలి.

వేలు ఒకచోట పెడితే మరోచోట నొక్కుకుంటుంది

సెట్టింగ్స్‌లో టచ్ క్యాలిబ్రేషన్ చేసే ముందు ప్లాస్టిక్ చట్రాన్ని చూడండి. చట్రం బిగుతుగా ఉండి తెర అంచును నొక్కుతుంటే దానంతట అదే నొక్కుకుంటూ ఉంటుంది. పక్క స్క్రూలను అర చుట్టు వదులు చేయండి. వెనక కుక్కిన వైర్ల మూట సెట్టును ముందుకు తోస్తున్నా ఇంతే. ఆ మూటను కింది ఖాళీలోకి జరపండి. వేడెక్కి ఆగిపోయే సెట్లకు కూడా సగం కారణం ఆ మూటే, గాలి ఆడదు. ఫోను ఛార్జింగ్ పెట్టినప్పుడు మాత్రమే టచ్ పిచ్చిగా ప్రవర్తిస్తే ఛార్జరు మార్చి చూడండి.

రివర్స్ గేరు వేస్తే నల్ల తెర

తెర కెమెరాకు మారనే లేదంటే రివర్స్ సంకేతపు వైరుకు కరెంటు రావడం లేదు. తెర మారి నల్లగా ఉంటే కెమెరాకు కరెంటు లేదు, లేదా వీడియో కేబుల్ ఊడింది. ఈ తేడా చూస్తే సగం పని అయిపోయినట్టే. రెండూ బాగున్నాయనుకుంటే సెట్టింగ్స్‌లో కెమెరా రకం చూడండి. ఎక్కువ స్పష్టత ఇచ్చే ఏహెచ్‌డీ కెమెరాను మామూలు రకమైన సీవీబీఎస్ అని ఎంచుకుంటే బొమ్మ రాదు. బొమ్మ మినుకు మినుకుమంటుంటే, కారు కంప్యూటర్ రివర్స్ దీపానికి ముక్కలు ముక్కలుగా కరెంటు ఇస్తుండవచ్చు. ఆ దీపం నుంచే కెమెరాకు కరెంటు తీసుకుంటే కెమెరా తడబడుతుంది. మధ్యలో కెమెరాల కోసం అమ్మే కెపాసిటర్ ఫిల్టరు పెడితే నిలకడ వస్తుంది.

స్టీరింగ్ బటన్లు పలకవు

పాత పద్ధతి కార్లలో ప్రతి బటన్‌కూ ఒక్కో రెసిస్టెన్స్ ఉంటుంది. కీ1, కీ2 అనే వైర్లను కలిపి, సెట్టింగ్స్‌లో ఒక్కో బటన్‌నూ నేర్పించాలి. ఒకదానికి రెండు పనులు జరుగుతుంటే ఆ వైర్ల ఎర్త్ సరిగా లేదు. డేటా వైరు మీద నడిచే కార్లకు క్యాన్ బస్ పెట్టె తప్పదు, పెట్టె ఉన్నా మెనూలో కారు పేరు సరిగా ఎంచుకోవాలి.

చిన్న చిన్న చిరాకులు

పగలు తెర మసకగా ఉంటే నారింజ వైరు తప్పు చోట కలిసింది. అది హెడ్‌లైట్లు వేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరుకు వెళ్లాలి. ఫోను తగిలించినా ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రాకపోతే ముందు కేబుల్ మార్చండి, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరావు. దారి చూపే బాణం తప్పిపోతుంటే జీపీఎస్ యాంటెనాను ఇనుప పలక కింద నుంచి తీసి, ఆకాశం కనిపించేలా డ్యాష్‌బోర్డు పైన అతికించండి. కాల్‌లో అవతలివాళ్లకు మీ గొంతు నూతిలో నుంచి వచ్చినట్టుంటే సెట్టు మైకును వదిలి, విడి మైకును అద్దం పక్క స్తంభానికి పెట్టండి.

వీడియో రావడం లేదని హ్యాండ్‌బ్రేక్ వైరును నేరుగా ఎర్త్‌కు కలిపేయమని చాలామంది సలహా ఇస్తారు. ఆ వైరు పని బండి కదులుతున్నప్పుడు డ్రైవరు ముందు వీడియో ఆడకుండా చూడటం. దాన్ని హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కే కలపండి.

ఇవన్నీ చూశాక కూడా లోపం పోకపోతే సెట్టును బయటికి తీసి బల్ల మీద పెట్టండి. విడి 12 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు, మధ్యలో ఫ్యూజుతో, పసుపు, ఎరుపు రెండూ కలపండి. నలుపును మైనస్‌కు, ఒకే ఒక్క స్పీకరును తెలుపు జతకు తగిలించి అరగంట పాడనివ్వండి. అదే లోపం బల్ల మీదా కనిపిస్తే సెట్టును నిశ్చింతగా వెనక్కి పంపవచ్చు. కనిపించకపోతే మీటరు తీసుకుని మళ్లీ డ్యాష్‌బోర్డులోకి తల దూర్చాల్సిందే.