ఒక నాబ్ తిప్పితే బేస్ మొత్తం మూగబోయింది

రెండు పికప్‌ల (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగాల) పాత బేస్ గిటారు ఒకటి కొన్నాను. మెడ వైపు పికప్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, తీగల కింది చివర ఉండే బ్రిడ్జ్ వైపు పికప్ ఒక్కదానితో వాయిద్దామనుకుంటే అసలు శబ్దమే రాలేదు. పికప్ పాడైందేమోనని రెండు రోజులు దిగులుపడ్డాను.

నాబ్‌ల పలక విప్పితే విషయం తెలిసింది. వాల్యూమ్ పాట్‌కు, అంటే నాబ్ కింద ఉండి సిగ్నల్‌ను తగ్గించే భాగానికి, మూడు కాళ్లుంటాయి. పికప్ తీగను చివరి కాలికి, రెండింటికీ ఉమ్మడిగా బయటికి వెళ్లే తీగను మధ్య కాలికి అతికారు. అలాంటప్పుడు ఒక వాల్యూమ్ సున్నాకు రాగానే మధ్య కాలు ఎర్త్‌లో కలిసిపోతుంది, రెండో పికప్ సిగ్నల్‌నూ తనతో లాక్కుపోతుంది. రెండు పాట్‌ల మీదా ఆ తీగలను తారుమారు చేసి టంకం వేశాను. ఫెండర్ జాజ్ బేస్‌లో ఉండే పద్ధతి ఇదే: రెండు వాల్యూమ్‌లు, శబ్దం పదును తగ్గించే ఒక టోన్.

దీనికీ ఒక లోటుంది. వాల్యూమ్ తగ్గిస్తున్నకొద్దీ ఆ పికప్ పదును మొద్దుబారుతుంది. అందుకే ఒక వాల్యూమ్, ఒక బ్లెండ్ (రెండు పికప్‌ల పాళ్లు మార్చే నాబ్) పెడదామా అని చాలాసేపు ఆలోచించాను. కానీ ఒక్కో పికప్‌ను విడిగా సర్దుకోవడమే నాకిష్టం. పాట్‌లు 250 కిలో ఓమ్‌లవే ఉంచి, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశాను.

రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తెరిస్తే హమ్ (పికప్‌లలో వినిపించే విద్యుత్ రొద) దాదాపు పోతుంది. నా పికప్‌లు ఒకదానికొకటి ఎదురు చుట్టు, ఎదురు ధ్రువాలతో ఉన్నాయి, అందుకే రెండింటి హమ్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. ఒకటి కాస్త తగ్గించగానే ఆ రొద మళ్లీ సన్నగా వినిపిస్తుంది.