మీ డెక్‌లోని కార్డును బ్యాన్ చేస్తారా? ముందే పసిగట్టడం ఎలా

మ్యాజిక్, పోకెమాన్ లాంటి ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లలో (కార్డులు కొని సొంత డెక్ కట్టుకుని ఆడే ఆటలు) బలంగా ఉన్నంత మాత్రాన ఏ కార్డునూ బ్యాన్ చేయరు, అంటే టోర్నమెంట్లలో నిషేధించరు. "ఇది మరీ పవర్‌ఫుల్, ఎలాగూ పోతుంది" అని టెన్షన్ పడి అమ్మేసిన కార్డులు ఏళ్ల తరబడి టోర్నమెంట్లలో ఆడుతూనే ఉంటాయి. అందుకే కార్డు మీద రాసిన అంకెల్ని పక్కనపెట్టి, దాని వల్ల మిగతావాళ్లు తమ డెక్‌లు ఎలా మార్చుకోవాల్సి వస్తోందో చూడండి. నా దృష్టిలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లో హోగాక్ సంగతే తీసుకోండి. 2019 జూన్‌లో వచ్చింది, గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచే ఆడగలిగే కార్డు. మోడర్న్ ఫార్మాట్‌లో (ఫార్మాట్ అంటే ఏ కార్డులు ఆడొచ్చో చెప్పే పోటీ రకం) దాన్ని ఆపడానికి చాలామంది, ప్రత్యర్థి గ్రేవ్‌యార్డ్‌లోకి కార్డులు చేరనివ్వని లేలైన్ ఆఫ్ ద వాయిడ్‌ను సైడ్‌బోర్డులో (గేమ్‌ల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) కాకుండా మెయిన్ డెక్‌లోనే నాలుగు కాపీలు పెట్టేశారు, అంటే ఎదురుగా ఎవరు కూర్చుంటారో తెలియకముందే నాలుగు స్లాట్లు ఒక్క డెక్ కోసం వదిలేసుకున్నట్టు. అయినా హోగాక్ గెలుస్తూనే ఉంది. జులైలో దానికి తోడుగా ఆడే బ్రిడ్జ్ ఫ్రమ్ బిలోను బ్యాన్ చేశారు, సరిపోలేదు, ఆగస్టులో హోగాక్‌నే తీసేశారు. 2004లో స్కల్‌క్లాంప్ అనే మ్యాజిక్ కార్డు పోయింది కూడా ఇలాగే: ఆటగాళ్లలో కొందరు దాన్ని నాలుగు కాపీలు వేసుకునేవాళ్లు, మిగిలినవాళ్లు దాన్ని ఎలా ఓడించాలా అని డెక్ కట్టుకునేవాళ్లు.

కాబట్టి మీరు ఆడే ఫార్మాట్‌లో ఈమధ్య గెలిచిన డెక్‌ల లిస్టులు ఓ ఇరవై తెరవండి (మీ ఫార్మాట్‌వే తెరవండి, ఒకచోట నిషేధంలో ఉన్న కార్డు ఇంకోచోట మామూలుగా ఆడుతుంటుంది). మీ కార్డు ఎన్నింటిలో ఉందో లెక్కపెట్టండి, తర్వాత లేనివాటిని ఇంకా జాగ్రత్తగా చూడండి. దాన్ని ఆపే కార్డులు మెయిన్ డెక్‌లోకి ఎక్కేశాయా? ఎక్కినా ఆ డెక్ గెలుస్తోందా? రెండింటికీ అవునంటే ప్రమాదం దగ్గర్లోనే ఉంది.

గెలుపు శాతం చూసేటప్పుడు ఒక మోసం ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఒకే డెక్ ఉన్న ఇద్దరు ఎదురైతే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు, లెక్క కచ్చితంగా 50 శాతం వస్తుంది. ఆ డెక్‌ను ఎంత ఎక్కువమంది ఆడితే అలాంటి మ్యాచ్‌లు అంత పెరిగి, మొత్తం శాతం అంత కిందికి దిగి, చూడ్డానికి అమాయకంగా కనిపిస్తుంది. అందుకే అవి తీసేసిన లెక్కే చూడండి. ఆ డెక్‌ను నమ్మకంగా ఓడించే డెక్ ఒక్కటైనా ఉందా అన్నది కూడా చూడాలి. ఉంటే తయారీదారులు సాధారణంగా కొన్నాళ్లు వేచి చూస్తారు.

గెలుపు ఒక్కటే కారణం కాకుండా పోయే కార్డులూ ఉన్నాయి. మ్యాజిక్‌లో సెన్సేస్ డివైనింగ్ టాప్‌ను 2017లో లెగసీ ఫార్మాట్‌లో నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో టైమ్ ఒకటి: ప్రతి టర్న్‌లో పై మూడు కార్డులు చూసి సర్దుకుంటూ కూర్చుంటే రౌండ్లు ముగిసేవి కావు, హాలంతా ఆ ఒక్క టేబుల్ కోసం ఎదురుచూడాలి. పోకెమాన్‌లో 2015లో నిషేధించిన లైసాండర్స్ ట్రంప్ కార్డ్ ఇద్దరి డిస్కార్డ్ పైల్‌నూ (వాడేసిన కార్డుల కుప్ప) తిరిగి డెక్‌లో కలిపేస్తుంది. కార్డులు అయిపోతాయన్న భయమే లేకపోతే ఎంతైనా లాగేసుకోవచ్చు, ఆటకు ముగింపు ఎక్కడ?

ఇక పూర్తిగా తీసేయకుండా ఒక్క కాపీకి పరిమితం చేయడం. యు-గి-ఓలో నిషేధం, ఒకటి, రెండు అని మూడు మెట్లున్నాయి, మామూలుగా మూడు కాపీలు వేసుకోవచ్చు. మ్యాజిక్‌లో ఒక్క కాపీ పరిమితి ప్రధానంగా, దాదాపు అన్ని పాత కార్డులూ ఆడనిచ్చే వింటేజ్ ఫార్మాట్‌ది. లెక్క వేస్తే, 60 కార్డుల డెక్‌లో నాలుగు కాపీలుంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం, ఒకటే ఉంటే 12 శాతంలోపు. తేడా పెద్దదే. కానీ డెక్‌లోంచి వెతికి తెచ్చుకునే కార్డులు ఎక్కువుంటే ఈ పరిమితి పనిచేయదు. లూరస్ అనే మ్యాజిక్ కార్డు అయితే ఇంకా విచిత్రం: కంపానియన్‌గా ఆడితే అది డెక్ బయటే ఉంటుంది, కావాల్సిందే ఒక్క కాపీ, పరిమితం చేసి ఏం లాభం? అందుకే 2020లో వింటేజ్‌లోనే దాన్ని నిషేధించారు, మరుసటి ఏడాది, కంపానియన్ నియమం మార్చాక, వెనక్కి తెచ్చారు.

బ్యాన్‌ల ప్రకటన రోజు గడిచింది కదా అని వెంటనే నాలుగు కాపీలు కొనకండి. 2017 ఏప్రిల్‌లో మ్యాజిక్ స్టాండర్డ్ ఫార్మాట్‌లో మార్పులేమీ లేవని చెప్పిన రెండు రోజులకే ఫెలిడార్ గార్డియన్‌ను బ్యాన్ చేశారు. అలాగే నిషేధ జాబితాలోంచి విడుదలైన కార్డు దొరికితే, గ్రేవ్‌యార్డ్ మీద ఆధారపడే గోల్గారీ గ్రేవ్-ట్రోల్‌ను గుర్తుంచుకోండి: మోడర్న్‌లో 2015లో వదిలారు, ఆ తర్వాత దానికి పనికొచ్చే కొత్త కార్డులు వచ్చిపడ్డాయి, 2017లో మళ్లీ బ్యాన్. కొనేముందు రాబోయే సెట్ ప్రివ్యూలు ఒకసారి తిరగేయండి, మీ కార్డు ఆధారపడే మెకానిక్‌కు (ఆట పద్ధతికి) కొత్త సాయం వస్తోందేమో అక్కడే కనిపిస్తుంది.