వ్యాపన గుణకం లెక్కకు రావడం లేదా? సమస్య - పరిష్కారం

బరంపురం, రాయగడ వైపు కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే మన తెలుగు పిల్లలు మైక్రోస్కోపు కింద ద్రవంలోని సూక్ష్మ కణాల కదలికను కొలిచి, వ్యాపన గుణకం (కణం ఎంత త్వరగా చెదిరిపోతుందో చెప్పే సంఖ్య) లెక్కగట్టి, అది స్టోక్స్-ఐన్‌స్టీన్ సూత్రంతో పొసగకపోతే "చిక్కదనం వల్లే సార్" అని రాసేస్తారు, అంటే ద్రవంలో కణాలు మరీ కిక్కిరిసి ఉన్నాయని. ఉష్ణోగ్రత, ద్రవం స్నిగ్ధత (పారడానికి చూపే నిరోధం), కణం సైజు నుంచి గుణకాన్ని చెప్పే ఆ సూత్రం గోడల్లేని ద్రవంలో ఒంటరిగా ఉన్న గోళానికి చెప్పినది. చిక్కదనం మీద నేరం మోపే ముందు మిగతా అనుమానితులను విచారించాలి.

విలువ ఎక్కువగా వస్తోంది

ముందు ఉష్ణోగ్రత చూడండి. ఒక మైక్రాన్ వ్యాసమున్న గోళానికి నీటిలో 25 డిగ్రీల దగ్గర వ్యాపన గుణకం సెకనుకు సుమారు 0.49 చదరపు మైక్రాన్లు, 35 డిగ్రీల దగ్గర 0.63. నీటి స్నిగ్ధత తగ్గడమే ప్రధాన కారణం. మే నెల బరంపురంలో పుస్తకంలోని 25 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? పైగా దీపం వేడి ఒకటి. స్లైడు పక్కనే కొలిచిన ఉష్ణోగ్రతనే లెక్కలో వేయండి.

సగటు వర్గ స్థానభ్రంశం (కణాలు జరిగిన దూరాల వర్గాల సగటు) కాలంతో గీసిన గీత సరళరేఖలా పోకుండా పైకి వంగుతోందంటే ద్రవమే పారుతోంది. కవర్ స్లిప్ అంచున పూసిన నెయిల్ పాలిష్‌ను భూతద్దంతో చూడండి. ఎక్కడో వెంట్రుకంత సందు ఉంటుంది, లేదా మూలన ఒక గాలిబుడగ ఉంటుంది. కణాలన్నీ గుంపుగా అటే జరుగుతుంటాయి. స్లైడు మళ్లీ చేయడమే మేలు. కుదరకపోతే అన్ని కణాల సగటు కదలికను తీసేయండి. తెరపై నాలుగైదు కణాలే ఉంటే మాత్రం ఆ పని వద్దు, అసలు వ్యాపనం కూడా కొంత తుడిచిపెట్టుకుపోతుంది.

విలువ తక్కువగా వస్తోంది

ఎక్కువసార్లు దోషి అడుగు గాజే. గోళాలు చేసే పాలీస్టైరీన్ ప్లాస్టిక్ నీటికన్నా కొంచెం బరువు, అందుకే ఒక మైక్రాన్ గోళాలు అడుగునుంచి పదిహేను మైక్రాన్ల మేరలోనే ఎక్కువగా తచ్చాడతాయి. గోళం కేంద్రం గాజుకు ఒక మైక్రాన్ దూరంలో ఉంటే గోడ వెంబడి వ్యాపనం పావు వంతుకు పైగా పడిపోతుంది. పైకి ఫోకస్ చేసి కొలవండి. భారజలం కలిపి సాంద్రతలు సమం చేయవచ్చు, కానీ స్నిగ్ధతనూ మార్చి లెక్కించాలి.

కణాలు బొత్తిగా కదలకపోతే గాజుకు అంటుకున్నాయి. గోపాలపురం వైపు ఉప్పదనమున్న బోరునీరు వాడితే ఇలా జరగవచ్చు: ఉప్పు విద్యుదావేశాల వికర్షణను కప్పేస్తుంది. స్వేదన జలమే వాడండి.

ఇవన్నీ సరిచూసినా తేడా ఉంది

ఇప్పుడు చిక్కదనాన్ని అనుమానించవచ్చు. ఒక కణం కదిలితే పుట్టే ప్రవాహం దూరానికి విలోమానుపాతంలో, అంటే చాలా నిదానంగా తగ్గుతుంది. కాబట్టి దూరపు కణాలూ దాన్ని అనుభవిస్తాయి. కఠిన గోళాలకు 1976లో ద్రవగతి శాస్త్రజ్ఞుడు బాచెలర్ వేసిన లెక్క ప్రకారం స్వల్పకాల స్వవ్యాపనం (ఒక్కో కణం కొద్ది సేపట్లో చేసే వ్యాపనం) (1 − 1.83φ) వంతుకు తగ్గుతుంది, φ అంటే ద్రవంలో కణాలు ఆక్రమించిన భాగం. పది శాతం చిక్కదనానికి తగ్గుదల సుమారు 18 శాతం. అదే నమూనాలో సామూహిక వ్యాపనం (కణాల సాంద్రత తేడాలు సర్దుకునే తీరు) (1 + 1.45φ) చొప్పున పెరుగుతుంది! ఒక్కో కణాన్ని వెంబడించారా, సాంద్రత తేడాలు సర్దుకోవడాన్ని కొలిచారా అన్నది ముందు తేల్చుకోండి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

సిమ్యులేషన్ చేసేవారికి ఒక మాట: ఆవర్తక పెట్టె (ఒక వైపు దాటిన కణం ఎదుటి వైపు నుంచి తిరిగి వచ్చే పెట్టె) భుజం కణ వ్యాసార్ధానికి 20 రెట్లే ఉంటే, పలచని ద్రవంలోనూ విలువ దాదాపు 14 శాతం తగ్గుతుంది. పెట్టె సైజులు మార్చి, పొడవు విలోమానికి ఎదురుగా గీత గీసి, సున్నాకు పొడిగించండి.

గీత చదునైపోతోంది

సగటు వర్గ స్థానభ్రంశం గీత చదునై, φ 0.58 చేరువలో ఉంటే అది చుట్టూ ఉన్న కణాలు కట్టిన పంజరం. ఠాకురాణి యాత్ర రద్దీలో ఇరుక్కున్న మనిషిలా కణం అటూ ఇటూ ఊగగలదు, బయటపడలేదు. మరింత సేపు రికార్డు చేయండి. పాలలా తెల్లబడి ఏమీ కనిపించకపోతే కొద్దిపాటి ఫ్లోరసెంట్ కణాలు కలిపి, వాటినే వెంబడించండి. φ 0.5 దాటిన నమూనాను రాత్రంతా వదిలేస్తే ఒకే సైజు గోళాలు స్ఫటికాలుగా పేరుకుంటాయి. రెండు సైజులు కలిపితే ఆ బెడద తగ్గుతుంది.