పెద్ద నంబర్ గుట్టు విప్పడం ఎలా? 7,20,720తో చేసి చూద్దాం

పెద్ద నంబర్ కనపడగానే చాలామంది కాలిక్యులేటర్ తీస్తారు, నిజానికి కాగితం పెన్ను ఉంటే చాలు, ఎందుకంటే నంబర్ గుణాలన్నీ దాని ప్రధాన కారణాంకాల్లోనే ఉంటాయి, అవి దొరికాయంటే మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి. నాకు బాగా ఇష్టమైన 7,20,720 తీసుకుందాం.

ముందే 2తో కొట్టేయడం మొదలుపెట్టకండి, కాసేపు నంబర్‌ని చూడండి. కుడివైపు నుంచి మూడేసి అంకెలు విడగొడితే 720, 720. తేడా సున్నా. ఇలా మూడంకెల ముక్కల్ని ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే సున్నా వచ్చిందనుకోండి, ఆ నంబర్ 1001తో శేషం లేకుండా పోతుంది. 1001 అంటే 7×11×13, అంటే పిల్లలు ఎప్పుడూ తడబడే 7, 13 రెండూ ఒక్క దెబ్బకి తేలిపోయినట్టే! మిగిలిన 720ని 16×45గా విడగొడితే పని అయిపోయింది:

720720 = 2⁴ × 3² × 5 × 7 × 11 × 13

ఇప్పుడు కారణాంకాలు ఎన్నో చూద్దాం. ప్రతి ఘాతానికి 1 కలిపి అన్నిటినీ గుణించాలి. ఆ 1 ఎందుకంటే, ఒక కారణాంకం తయారుచేసేటప్పుడు 2ని ఒకసారి, రెండుసార్లు, అలా నాలుగుసార్ల దాకా తీసుకోవచ్చు, అసలు తీసుకోకపోవచ్చు కూడా, మొత్తం 5 దారులు. కాబట్టి 5×3×2×2×2×2 = 240. దీనికంటే చిన్న నంబర్ దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటినీ దాటేసే నంబర్లనే అధిక సంయుక్త సంఖ్యలు అంటారు, వీటి మీదే రామానుజన్ 1915లో లండన్‌లో పెద్ద పేపర్ వేశారు.

తర్వాత ఆ 240 కారణాంకాల మొత్తం. ఒక్కోటి రాసి కూడక్కర్లేదు, 2కి 1+2+4+8+16 = 31, 3కి 1+3+9 = 13, మిగతావాటికి 6, 8, 12, 14, అన్నీ గుణిస్తే 32,49,792. ఇందులోంచి నంబర్‌ని తీసేసినా 25,29,072 మిగులుతుంది, అసలు నంబర్‌కి మూడింతల పైనే. ఇలా అసలు నంబర్‌ని మించి మిగిలితే దాన్ని అబండెంట్ నంబర్ అంటారు. సరిగ్గా సమానంగా మిగిలితే 28 లాగా పరిపూర్ణ సంఖ్య అయ్యేది.

వర్గ సంఖ్యా? కాదు, 5, 7, 11, 13 ఒంటరిగా ఉన్నాయి. వాటికి జతలు ఇస్తూ 5005తో గుణించండి, 60060 వర్గం వస్తుంది.

అంకెలు కూడితే 18, 18తో భాగిస్తే 40040, శేషం లేదు. ఇలాంటివాటికి హర్షద్ సంఖ్యలని పేరుపెట్టింది మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూల్ టీచర్‌గా పనిచేసిన కాప్రేకర్.

ఇంకో అందం ఏంటంటే 1 నుంచి 16 దాకా అన్నిటి క.సా.గు. ఇదే. 17 దగ్గర మాత్రం 5 శేషం వస్తుంది.

ఇప్పుడు మీరు 10,81,080 పట్టుకోండి, వరసలో తర్వాతి అధిక సంయుక్త సంఖ్య అదే. ముక్కలు 1, 081, 080. 80లోంచి 81 తీసేసి 1 కలిపితే మళ్ళీ సున్నా, అక్కణ్ణించి 256 కారణాంకాల దాకా మీరే వెళ్ళిపోతారు.