ఆఫ్రికాలో జనం ఎక్కడుంటారు, అక్కడే ఎందుకుంటారు? పిల్లలకి మ్యాపులతో ఇలా చెప్పండి

ఆఫ్రికా పాఠం అనగానే చాలా స్కూళ్ళలో జరిగేది మ్యాప్ పాయింటింగే. సహారా ఎక్కడ, నైలు ఎక్కడ, కిలిమంజారో ఎక్కడ అని గుర్తు పెట్టిస్తారు, ఓ పది రాజధానులు బట్టీ పట్టిస్తారు, మార్కులు వచ్చేస్తాయి. అంత పెద్ద ఖండంలో మనుషులు ఎలా బతుకుతున్నారో మాత్రం పిల్లల బుర్రలోకి వెళ్ళదు. అడిగి చూడండి, సింహాలు, ఎడారి, ఆకలి, ఈ మూడే చెప్తారు. నేను ఏడో తరగతి పిల్లలకి ఈ పాఠం వేరే రకంగా చెప్తాను. నాలుగైదు పీరియడ్లు పడుతుంది, ఇంట్లో ఒక్క పిల్లకి చెప్పాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావలసినవి: ఒక గ్లోబు, అట్లాసు, ఆఫ్రికా పెద్ద అవుట్‌లైన్ మ్యాపు, జిగురు, స్కెచ్ పెన్నులు, రెండు గుప్పెళ్ళ కందులు, కొంచెం కందిపప్పు. ట్రేసింగ్ పేపర్లు దొరికితే సరే, లేకపోతే తెల్లకాగితం మీద దూదితో కొంచెం కొబ్బరినూనె రుద్ది ఆరబెట్టండి, కింద గీత చక్కగా కనిపిస్తుంది.

ముందు సైజు సంగతి తేల్చండి. గోడ మీద వేలాడే ప్రపంచ పటాల్లో చాలావాటిలో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. గుండ్రటి భూమిని చదును కాగితం మీదకి తెచ్చేటప్పుడు ధ్రువాల దగ్గరి ప్రాంతాలు సాగిపోతాయని మాటల్లో చెప్తే పిల్లలకి ఎక్కదు. అందుకే గ్లోబు మీద పల్చటి కాగితం పెట్టి ఇండియాని గీయించి, కత్తిరించి, అదే గ్లోబు మీదున్న ఆఫ్రికా మీద జరుపుతూ ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టమనండి. అటూ ఇటూగా తొమ్మిది ఇండియాలు పడతాయి. అప్పుడు రెండో విషయం చెప్పండి: ఆ ఖండం మొత్తం జనాభా, మన ఒక్క దేశం జనాభా దాదాపు సమానం, రెండూ 150 కోట్లకి దగ్గర్లోనే ఉన్నాయి. తొమ్మిది రెట్ల నేల మీద మనంత మందే ఉంటే వాళ్ళు ఎక్కడెక్కడ ఉంటున్నట్టు? ఈ ప్రశ్న బోర్డు మీద రాసి వదిలేయండి, జవాబు చెప్పొద్దు.

ఇప్పుడు కందులు తీయండి. పాఠం మొత్తంలో నాకు ఇష్టమైన భాగం ఇదే. ఒక గింజ అంటే కోటి మంది. నైజీరియాకి 23 గింజలు, ఇథియోపియాకి 13, ఈజిప్టుకి దాదాపు 12, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి 11. కందిపప్పు బద్ద అంటే అర కోటి. పిల్లల్ని గుంపులు చేసి, గుంపుకో దేశం ఇచ్చి, గింజల్ని దేశంలో ఎక్కడ పెడతారో మీ ఇష్టం అనండి. మా క్లాసులో నమీబియా వచ్చిన అమ్మాయి చేతిలో బద్ద పట్టుకుని ఆగిపోయింది. అక్కడ జనాభా 30 లక్షలు, బద్ద పెట్టినా ఎక్కువే! ఆంధ్ర, తెలంగాణ కలిపితే ఎంతో అంతకి మూడింతల దేశం అది, జనం చూస్తే హైదరాబాదులో సగం కూడా లేరు. ఆ అమ్మాయి చివరికి బద్దని గోటితో చిదిమి ఒక ముక్క అంటించింది. పక్క గుంపుకి రువాండా వచ్చింది, తెలంగాణలో నాలుగో వంతు కన్నా చిన్నదైన దేశంలో ఒకటిన్నర గింజ పట్టక వాళ్ళు ఇబ్బంది పడ్డారు. జన సాంద్రత అనే మాటకి నేను అప్పటిదాకా నిర్వచనం చెప్పలేదు, ఆ తర్వాత చెప్పాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు.

ఈజిప్టు గుంపు దాదాపు ప్రతిసారీ గింజల్ని దేశమంతా సమానంగా చల్లుతుంది. చల్లనివ్వండి. తర్వాత రాత్రిపూట ఉపగ్రహం తీసిన నైలు ఫోటో చూపించండి, నెట్‌లో తేలిగ్గా దొరుకుతుంది. చుట్టూ చీకటి, మధ్యలో కాడలాగా ఒక వెలుగు గీత, పైన సముద్రం దగ్గర పువ్వులాగా విచ్చుకున్న డెల్టా. అక్కడి జనంలో నూటికి 95 మంది ఆ సన్నటి పట్టీలోనే, దేశం నేలలో ఇరవయ్యో వంతులోనే ఉంటారు. పిల్లలు గింజల్ని గబగబా నది ఒడ్డుకి తోసేస్తారు, ఆ తోయడమే పాఠం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రాత్రి ఫోటోలో చీకటిగా ఉన్న చోటల్లా మనుషులు లేరని పిల్లలు అనుకుంటారు. ఇథియోపియా, కాంగో వైపు చాలా పల్లెలు చీకటిగా కనిపించేది జనం లేక కాదు, కరెంటు సరిగా లేక. ఇది మీరే చెప్పాలి, ఎందుకంటే మ్యాపు తనంతట తను చెప్పదు.

నూనె కాగితాల పని ఇక్కడే. ఒక కాగితం మీద పెద్ద నదులూ సరస్సులూ, రెండోదాని మీద ఎత్తైన ప్రాంతాలు, మూడోదాని మీద వర్షపాతం గీయించండి. అన్నీ ఒకే సైజులో ఉండాలి, మూలల్లో గుర్తులు కలవాలి, లేకపోతే తర్వాత ఏదీ దేనికీ అతకదు. మిగతా గుంపులు కూడా అట్లాసు చూసి గింజలు సరిచేసుకున్నాక, ఒక్కో కాగితాన్ని గింజల మ్యాపు మీద పరిచి, ఏది కలిసింది, ఏది కలవలేదు అని అడగండి. నది కాగితం ఈజిప్టుకి సరిపోతుంది, ఇథియోపియాకి వచ్చేసరికి అది ఒక్కటే చాలదు. అప్పుడు ఎత్తుల కాగితం తీస్తే గింజలన్నీ పీఠభూమి మీద కూర్చుని ఉంటాయి. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా ఊటీ కన్నా కొంచెం ఎత్తులోనే ఉంటుంది, ఉష్ణమండలంలో ఉన్నా చల్లగా ఉంటుంది, వానలు పడతాయి, వ్యవసాయం సాగుతుంది, కింద మైదానాల్లో ఉన్నంత మలేరియా పైన ఉండదు. ఒకే కారణం అన్ని చోట్లా పనిచేయదని పిల్లలు తమంతట తామే పట్టుకోవాలి, మీరు తొందరపడి చెప్పేయకండి.

సరిహద్దుల దగ్గర కాసేపు ఆగండి. ఈజిప్టు, సూడాన్ మధ్య స్కేలు పెట్టమనండి. దాదాపు పొడవునా తిన్నగా ఉంటుంది, అది 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం. లిబియా వైపు గీత కూడా చాలా దూరం 25వ రేఖాంశం మీదే నడుస్తుంది. నదులు ఇంత తిన్నగా పారవు, కొండలు ఇంత వరుసగా ఉండవు, మరి ఈ గీతలు ఎవరు గీశారు? 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో 14 దేశాలు కూర్చుని ఆఫ్రికాలో ఎవరి హక్కు ఎలా గుర్తించాలో నియమాలు పెట్టుకున్నాయి. ఆ సమావేశంలో ఆఫ్రికా వాళ్ళు ఒక్కరూ లేరు. అన్ని గీతలూ ఆ గదిలోనే గీశారని మాత్రం చెప్పకండి, చాలావరకు తర్వాతి ఏళ్ళలో ఒప్పందాల మీద ఒప్పందాలు చేసుకుని గీసినవే. తర్వాత సోమాలీ మాట్లాడేవాళ్ళు ఉండే ప్రాంతాన్ని రంగు వేయించండి. ఆ రంగు సోమాలియాతో ఆగదు, ఇథియోపియా, కెన్యా, జిబూతీల్లోకి పోతుంది. మన పిల్లలకి ఇది వెంటనే అర్థమవుతుంది, బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో తెలుగువాళ్ళు ఉన్నారు కదా. తేడా ఏంటంటే మనం బళ్ళారి పెళ్ళికి పాస్‌పోర్టు లేకుండా పోయొస్తాం.

రైలు మార్గాల కాగితం కూడా వేయించండి. వలస పాలకులు వేసిన పాత లైన్లు చాలావరకు గని నుంచో తోట నుంచో రేవుకి పోతాయి, ఒక ఊరి నుంచి పక్క దేశం ఊరికి పోయేవి తక్కువ. కెన్యాలోని మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896లో మొదలుపెట్టి 1901కి వేసిన లైను కోసం మన దేశం నుంచి సుమారు 32 వేల మంది కూలీలని తీసుకెళ్ళారు. నైరోబీ 1899లో ఆ లైను మీద వెలిసిన రైల్వే డిపో. అక్కడి నుంచి కిందకి వచ్చి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చూపించండి. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న ఆ రేవు చేరింది, చెరకు తోటల్లో పనికి కుదుర్చుకున్న కూలీలతో. ఆ మొదటి ఓడలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోతుంది. మద్రాసు నుంచి డర్బన్‌కి సముద్రం మీద ఒక గీత గీయించండి, వాళ్ళు ఎన్ని రోజులు, ఏం తిని, ఏం తెలియకుండా వెళ్ళి ఉంటారో మాట్లాడుకోనివ్వండి. పీరియడ్ అయిపోతే అయిపోనివ్వండి.

భాషల్నీ పంటల్నీ నేను తొందరగానే దాటేస్తాను. రెండు వేల దాకా భాషలున్నాయని చెప్పి స్వాహిలి, హౌసా, అమ్హారిక్ ఎక్కడ మాట్లాడతారో చూపిస్తే చాలు. కోకో గురించి ఒక్క మాట: ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా నుంచే వస్తుంది, పశ్చిమ గోదావరి పిల్లలైతే కొబ్బరి తోటల్లో కోకో కాయలు చూసే ఉంటారు.

ఫోటోల విషయంలో కాస్త శ్రద్ధ పెట్టండి. గుడిసెలు, సఫారీ జీపులు మాత్రమే చూపిస్తే ఇంత కష్టమూ వృథా. లాగోస్ ట్రాఫిక్, కైరో మెట్రో, నైరోబీ ఆఫీసు భవనాలు, పల్లె సంత, అన్నీ కలిపి చూపించండి, ఒక్కోదాన్నీ మ్యాపు మీద దాని చోట అంటించండి.

పరీక్ష పెట్టాలంటే రాజధానులు అడగకండి. దక్షిణ అమెరికా ఖాళీ మ్యాపు, నదులూ కొండలూ ఉన్నది ఇచ్చి, జనాభా మ్యాపు చూడకుండా గింజలు పెట్టమనండి. ఈజిప్టు గుర్తుండి చాలామంది అమెజాన్ ఒడ్డున పోస్తారు. తర్వాత అసలు మ్యాపు తీసి, జనం తీరం పొడుగునా, ఆండీస్ ఎత్తుల మీదా ఉన్నారని చూపించి, అమెజాన్ దగ్గర నది ఉండి కూడా ఎందుకు ఖాళీగా ఉందో ఇంటి దగ్గర రాసుకుని రమ్మనండి.